పాత ఇంటి బయటి గోడ పెచ్చులూడుతోందా, కిటికీల పక్కన నెమ్ము దిగుతోందా? పని మొదటి నుంచి చివరిదాకా

మా ఇల్లు విశాఖ వన్‌టౌన్ వైపు, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట. కింది భాగం 1950ల్లో తాతగారు ఇటుక, సున్నంతో కట్టించారు. పైన మేడ 1986లో నాన్న సిమెంటుతో వేయించారు. అంటే ఒకే గోడ మీద రెండు కాలాల పని ఉంది, అవి పాడైన తీరు కూడా వేరు. మేడ మీద తూర్పు కిటికీ పక్కన మూడుసార్లు మేస్త్రిని పెట్టి మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పూయించాం, మూడుసార్లూ రెండో వానాకాలం వచ్చేసరికి అదే చోట బుడగలొచ్చి పెచ్చులూడాయి. "ఏం కాదు బాబూ, కొంచెం మాలు పెట్టి రుద్దేస్తే సరిపోద్ది" అనే మాట మూడుసార్లూ విన్నాను. నాలుగోసారి పక్కనే కూర్చుని, అడిగి, చదివి, కొంత నేనే చేసి, కొంత దగ్గరుండి చేయించాను. ఆ అనుభవమంతా ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగే, టీ పెట్టుకుని చదవండి.

మా తప్పు ఏమిటో ముందే చెప్పేస్తా. కిటికీ చెక్కకీ గోడకీ మధ్య సందు వస్తే మూడుసార్లూ దాన్ని సిమెంటుతో నింపించాం. చెక్క వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది, సిమెంటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మొదటి వేసవికే వెంట్రుక మందాన గీత పడింది. తుఫాను గాలికి వాన అడ్డంగా కొట్టినప్పుడు ఆ గీతలోంచే నీళ్ళు లోపలికి పోయి ప్లాస్టరింగ్ వెనక చేరాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు ఇక్కడున్నవాళ్ళకి అడ్డవాన అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, ఆ రోజు సన్‌షేడ్ ఉన్నా లేనట్టే అయింది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

కోస్తాలో అయితే డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరిదాకా మంచి రోజులు. ఈశాన్య రుతుపవనాల వానలు ఆగి గోడ కాస్త ఆరుతుంది, ఎండ కూడా చంపేయదు. తెలంగాణలో అక్టోబరు వానలు ఆగాక మొదలుపెట్టొచ్చు. మే నెలలో మాత్రం వద్దు. పూసిన మాలు గంటలో ఎండిపోయి పైపైన పగిలిపోతుంది, ఎన్ని బకెట్ల నీళ్ళు కొట్టినా ఫలితం ఉండదు. వానాకాలంలో చేస్తే తడి గోడలోపలే ఇరుక్కుపోతుంది. అత్యవసరమైతే వానల్లో టార్పాలిన్ కట్టి నెట్టుకొచ్చి, అసలు పని చలికాలానికి ఉంచుకోండి.

ముందు నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో పట్టుకోండి

ఇది తేలకుండా తాపీ పట్టుకోవద్దు. లోపల మరక కనిపించిన చోటే నీళ్ళు దూరుతున్నాయని అనుకోవడం అందరం చేసే పొరపాటు. నీళ్ళు పైన ఎక్కడో దూరి, ఇటుకల మధ్య జారి, లింటెల్ (కిటికీ పైన అడ్డంగా ఉండే దూలం) మీద ఆగి, కిటికీ మూలలో బయటపడతాయి.

తోట పైపు తీసుకోండి. లోపల ఒక మనిషిని టార్చితో నిలబెట్టి, బయట కిటికీ అడుగు నుంచి మొదలుపెట్టి నీళ్ళు సన్నగా పారించండి. అడుగున పది నిమిషాలు, తర్వాత ఒక పక్క, తర్వాత రెండో పక్క, తర్వాత కిటికీ పైభాగం, చివరికి సన్‌షేడ్ గోడని కలిసే చోటు. ఎప్పుడూ కింద నుంచి పైకే వెళ్ళాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్ళు అన్నిటి మీదా పారి, ఎక్కడ దూరిందో తేలదు. మాకు తేలింది ఏమిటంటే, కిటికీ సందుతో పాటు సన్‌షేడ్ మీద గోడని ఆనుకుని ఒక బీట ఉంది, దాంట్లో వేలెడు రావి మొక్క కూడా ఉంది. ఏళ్ళ తరబడి కింద నిలబడి "అబ్బా, పచ్చగా ఉంది" అని చూశామే తప్ప ఎవరూ ఎక్కి పీకలేదు.

గోడ కింది భాగంలో, నేల నుంచి రెండుమూడు అడుగుల ఎత్తుదాకా మాత్రమే నెమ్ము ఉండి, తెల్లటి ఉప్పు పేరుకుంటుంటే అది చాలాసార్లు నేలలోంచి ఎక్కే చెమ్మ. కిటికీ సందు మూయడానికీ దానికీ సంబంధం లేదు. అనుమానముంటే లోపలి గోడ మీద అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనక, గోడ వైపు తడి చేరితే చెమ్మ గోడలోంచే వస్తోంది. ముందువైపు తడి ఉంటే అది గదిలో గాలి ఆడక పట్టిన ఆవిరి, కిటికీలు తెరిస్తే సగం తగ్గుతుంది.

తర్వాత గోడంతా తట్టి చూడాలి. సుత్తి వెనక భాగంతోనో రూపాయి నాణెంతోనో తడుతూ పోండి. గట్టిగా ఉన్నచోట టక్‌మంటుంది, గుల్లబారిన చోట డొల్ల శబ్దం వస్తుంది. గుల్ల చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. కంటికి కనిపించే పెచ్చు కన్నా గుల్ల దాదాపు ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది, గీత గీశాక గుండె జారుతుంది, అయినా గీయండి.

బీటల సంగతి వేరు. వెంట్రుకల్లాంటి సన్న గీతలు సాలెగూడులా ఉంటే అది పైపూత త్వరగా ఎండిన గుర్తు, భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకో కిందకో పోయే బీట అక్కడ బరువు చేరడం వల్ల వచ్చేది, చాలా పాత ఇళ్ళలో ఉంటుంది. శ్లాబ్ కింద అడ్డంగా తిన్నగా పోయే గీత కాంక్రీటూ ఇటుకా ఎండకి వేరువేరుగా వ్యాకోచించడం వల్ల వచ్చేది. మెట్లు మెట్లుగా ఇటుకల కీళ్ళ వెంట దిగే బీట ఉంటే, దాని రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసి, మూడునాలుగు నెలలు చూడండి. గీత దాటి పాకితే అది పునాది వ్యవహారం, మేస్త్రితో కాదు, ఇంజనీరుతో మాట్లాడాల్సింది. సన్‌షేడ్ అడుగున ఇనుప చువ్వలు బయటపడి కాంక్రీటు ముక్కలు రాలుతుంటే కూడా అంతే. దాని కింద కుర్చీ వేసుకుని కూర్చోవద్దు, పిల్లల్ని ఆడనివ్వద్దు.

మీ గోడ సున్నందా, సిమెంటుదా

మొత్తం పనిలో ఎవరూ అడగని ప్రశ్న ఇది. తాళంచెవితో ప్లాస్టరింగ్‌ని గీకండి. సున్నం గచ్చు పొడిపొడిగా, మెత్తగా రాలుతుంది, రంగు మీగడలానో, ఇటుక పొడి కలిపి ఉంటే లేత ఎరుపుగానో ఉంటుంది. సిమెంటు బూడిద రంగు, గీకితే తాళంచెవే అరుగుతుంది. నిమ్మరసం వేస్తే పొంగితే సున్నం అని కొందరు చెబుతారు. పాత సిమెంటు కూడా పొంగుతుంది కాబట్టి ఆ పరీక్షని నమ్మకండి. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో పోర్‌బందర్ ఫ్యాక్టరీతో, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు మన ఊళ్ళలో గానుగలో తొక్కించిన సున్నమే నడిచింది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు చాలావరకు అలాంటివే.

దీనికింత హడావిడి ఎందుకంటే, సున్నం గోడ ఊపిరి పీలుస్తుంది. వానకి తడిసినా ఎండకి ఆవిరి రూపంలో తడిని బయటికి వదిలేస్తుంది. దాని మీద గట్టి సిమెంటు మాలు పూసి ప్లాస్టిక్ రంగు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి లోపలి నుంచి నెడుతుంది, ఉప్పు సిమెంటు వెనక గడ్డకడుతుంది, సిమెంటు పలక పలకగా ఊడిపోతూ మెత్తటి ఇటుక ముఖాన్ని కూడా లాక్కుపోతుంది. మా కింది భాగంలో జరిగింది ఇదే. కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఏమిటంటే, అతుకు ఎప్పుడూ పాత గోడ కన్నా గట్టిగా ఉండకూడదు, అంతే గట్టిగానో కొంచెం మెత్తగానో ఉండాలి.

సామాన్లు

సుత్తి, ఉలి, తాపీ, చెక్క రుద్దుడు పలక, స్పాంజి, వైరు బ్రష్, రసమట్టం, గమేళా, ఇసుక జల్లెడ, నీళ్ళు చిమ్మే పంపు. కిటికీ సందు మూసే సీలెంట్ (గట్టిపడ్డాక రబ్బరులా సాగే ముద్ద) కోసం గన్, మాస్కింగ్ టేపు, కట్టర్. కళ్ళజోడు, మాస్కు తప్పనిసరి, ముఖ్యంగా గ్రైండర్ వాడితే. పాత కిటికీల రంగులో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో, అంతకుముందు వేసిన పొరల సంగతి ఎవరికి తెలుసు. పొడిగా గీకకండి, తడిపి ఉప్పుకాగితంతో రుద్దండి, ఆ పొడిని తుడిచి పారేయండి, చిన్నపిల్లలు, గర్భిణులు దగ్గర లేకుండా చూసుకోండి.

కింది అంతస్తు దాకా నిచ్చెన వేసుకుని మనమే చేసుకోవచ్చు. మేడ మీద అయితే సారవ (పరంజా) కట్టే మనుషుల్ని పిలవాల్సిందే. నేను కూడా మేడ మీద తాపీ పట్టుకోలేదు, బాల్కనీలోంచి చెయ్యి అందినంత వరకే.

ఇసుక గురించి ఒక మాట. నది ఇసుకైనా, ప్లాస్టరింగ్ శాండ్ అని అమ్మే రాతి ఇసుకైనా పర్వాలేదు, మట్టి ఉండకూడదు. గాజు సీసాలో సగం ఇసుక, ముప్పావు దాకా నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. పైన తేరిన ఒండ్రు పొర ఇసుక ఎత్తులో వందకి ఎనిమిది వంతులు దాటితే ఆ ఇసుక వద్దు, లేదా కడిగి వాడాలి. సముద్రపు ఇసుక ఎంత తెల్లగా మెరిసినా దాని జోలికి పోవద్దు. బోరు నీళ్ళు నాలుక మీద ఉప్పగా తగిలితే మాలు కలపడానికి మున్సిపాలిటీ నీళ్ళు పట్టుకోండి. సిమెంటు బస్తా మీద తయారైన వారం అచ్చేసి ఉంటుంది, మూడు నెలలు దాటింది తీసుకోకండి.

సిమెంటు గోడకి అతుకు

సుద్దతో గీసిన గుల్ల కన్నా రెండు అంగుళాలు ఎక్కువ తీసుకుని, గట్టి ప్లాస్టరింగ్ తగిలేదాకా కొట్టేయాలి. అంచులు గుండ్రంగా, పల్చగా వదిలేయకుండా నలుచదరంగా కోయాలి, పల్చటి అంచు మీద మాలు నిలవదు. లోపల ఇటుకల మధ్య కీళ్ళని అర అంగుళం లోతు గీకాలి, కొత్త మాలు పట్టు దొరికేది అక్కడే. గోడ మీద తెల్లటి ఉప్పు ఉంటే పొడి బ్రష్‌తో దులిపి చేటలోకి పట్టి బయట పారేయండి. నీళ్ళతో కడిగితే అది మళ్ళీ గోడలోకే పోతుంది, మేం మొదట చేసిన తెలివితక్కువ పని అదే.

చువ్వ గానీ కిటికీ హోల్డ్‌ఫాస్ట్ (చట్రాన్ని గోడకి పట్టి ఉంచే ఇనుప పట్టీ) గానీ తుప్పు పట్టి కనిపిస్తే వైరు బ్రష్‌తో మెరుపు తేలేదాకా రుద్ది జింక్ ప్రైమర్ పూయండి. తుప్పు పట్టిన ఇనుము అసలు పరిమాణానికి కొన్ని రెట్లు ఉబ్బుతుంది. కిటికీ పక్కన ఒకే ఎత్తులో, రెండు వైపులా సమానంగా పెచ్చు ఊడుతుంటే దాని వెనక హోల్డ్‌ఫాస్ట్ ఉందని తొంభై పాళ్ళు ఖాయం.

ముందురోజు సాయంత్రం గోడని బాగా తడపండి. పొద్దున మళ్ళీ ఒకసారి నీళ్ళు చిమ్మి, పైన తడి మెరుపు పోయేదాకా ఆగండి. గోడ తాగి ఉండాలి కానీ నీళ్ళు కారకూడదు. ఇప్పుడు బాండింగ్ కోటు, అంటే పాత గోడకి కొత్త మాలు అతుక్కోవడానికి వేసే పూత. ఎస్‌బీఆర్ లేటెక్స్ అని డబ్బాల్లో దొరుకుతుంది, దాన్ని డబ్బా మీద చెప్పిన పాళ్ళలో నీళ్ళతో కలిపి, సిమెంటు వేసి, బ్రష్‌తో పూసేంత చిక్కగా చేసి గోడకి పట్టించాలి. అది ఇంకా జిగురుగా ఉండగానే మాలు కొట్టాలి. చాలామంది పొద్దున గోడంతా పూసేసి టిఫిన్‌కి పోతారు, వచ్చేసరికి అది ఆరి నున్నటి పొరై, మాలు పట్టడానికి బదులు జారిపోయే పరిస్థితి వస్తుంది. ఆరిపోతే మళ్ళీ పూయండి, అంతేగానీ దాని మీద కొట్టకండి. ఒకసారికి మీరు గంటలో పూర్తి చేయగలిగినంత చోటే పూయండి.

కాంక్రీటూ ఇటుకా కలిసే చోట, కిటికీ మూలల్లో ఏటవాలు బీట ఉన్నచోట, అడుగు వెడల్పు మెష్ పెట్టండి, బీటకి ఇటు ఆరంగుళాలు, అటు ఆరంగుళాలు. సముద్రం దగ్గర చికెన్ మెష్ (ఇనుప తీగల వల) రెండుమూడేళ్ళకే తుప్పు పట్టి అదే కొత్త సమస్య అవుతుంది, ఫైబర్ గ్లాస్ మెష్ తీసుకోండి.

మాలు ఒకటికి నాలుగు. బస్తా సిమెంటు ఒకటింపావు ఘనపుటడుగు కాబట్టి బస్తాకి అయిదు ఘనపుటడుగుల ఇసుక. చిన్న అతుకైతే ఒక డబ్బా సిమెంటుకి నాలుగు డబ్బాలు, తట్టలతో ఉజ్జాయింపుగా వద్దు. "సిమెంటు ఎక్కువ వేస్తే గట్టిగా ఉంటుంది కదా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఎక్కువ సిమెంటు మాలు ఎక్కువ కుంచించుకుని ఎక్కువ పగులుతుంది. పొడిగా రంగు ఒకటయ్యేదాకా కలిపాకే నీళ్ళు. వాటర్‌ప్రూఫింగ్ కాంపౌండ్ వేస్తే ప్యాకెట్ మీద రాసినంతే. నీళ్ళు పోసిన మాలు అరగంటలో వాడేయాలి, గట్టిపడ్డాక మళ్ళీ నీళ్ళు చల్లి మెత్తబరచడం అనేది మన దగ్గర చాలామంది మేస్త్రులకి అలవాటే, దగ్గరుండి ఆపాల్సింది కూడా అదే. అందుకే కొంచెం కొంచెం కలిపించండి.

మొదటి పొర 12 మిల్లీమీటర్లు. తాపీతో అద్దడం కాదు, విసిరి కొట్టాలి, గాలి మిగలకుండా. ఇంకా పచ్చిగా ఉండగానే మేకుతో అడ్డంగా అలల్లాగా గీతలు గీసి వదిలేయండి. మర్నాడు తడిపి 8 మిల్లీమీటర్ల రెండో పొర. పక్కన ఉన్న పాత ప్లాస్టరింగ్ మట్టానికి చెక్కతో లాగి, కాస్త గట్టిపడ్డాక స్పాంజితో. పైన పొడి సిమెంటు చల్లి ఇనుప తాపీతో నున్నగా మెరిపించే అలవాటు ఉంది చూశారూ, బయటి గోడకి అది వద్దేవద్దు, ఆ మెరుపు పొరే సాలెగూడు బీటలకి మూలం. వంద చదరపు అడుగులకి రెండు పొరలకీ కలిపి దాదాపు ఒకటిన్నర బస్తా పడుతుంది, గోడ ఎగుడుదిగుడుగా ఉంటే రెండు.

తడపడం కనీసం ఏడు రోజులు. రోజుకి నాలుగుసార్లు, ఎండపడే గోడకి గోనెసంచులు కట్టి వాటిని తడుపుతూ ఉండండి. రంగు మాత్రం నాలుగు వారాల తర్వాతే. పచ్చి సిమెంటులో క్షారం ఎక్కువ, తొందరపడి వేసిన రంగు మచ్చలు పడి ఊడుతుంది. పండక్కి ఇల్లు మెరవాలని మా ఇంట్లో ఒత్తిడి పెట్టారు, నేను వినలేదు, సంక్రాంతికి ఇల్లు బూడిద రంగు బొట్లతో ఉంది, చుట్టాలు ఓ మాట అన్నారు, పోనీలెండి.

వెంట్రుక బీటలకి ఇంత తతంగం అక్కర్లేదు, అక్రిలిక్ క్రాక్ ఫిల్లర్ చాలు. మూడు మిల్లీమీటర్లు దాటితే ఇంగ్లిషు వీ ఆకారంలో ఉలితో విప్పి, దుమ్ము ఊది, పాలిమర్ మాలుతో (లేటెక్స్ లాంటిది కలిపిన మాలు) నింపాలి. ఏటా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే బీటకి మాలు పనికిరాదు, దానికి సీలెంటే.

సున్నం గోడకి అతుకు

ముందుగా పైనున్న సిమెంటు అతుకుల్ని నెమ్మదిగా తీసేయాలి. పెద్ద సుత్తి వాడితే ఇటుక ముఖం కూడా వస్తుంది, చిన్న ఉలితో పక్కల నుంచి.

సున్నం రాళ్ళని నీళ్ళలో చంపేటప్పుడు నీళ్ళు సలసలా మరుగుతాయి, కళ్ళలో చిమ్మితే చూపు పోతుంది, కళ్ళజోడు లేకుండా దగ్గరికి వెళ్ళొద్దు. రాళ్ళని నీళ్ళలోకి వేయాలి, రాళ్ళ మీద నీళ్ళు పోయకూడదు. ఆ ముద్దని పైన నీళ్ళు నిలిచేలా డ్రమ్ములో కొన్ని వారాలు నానబెడితే వెన్నలా అవుతుంది, ఎంత నానితే అంత మంచిది. ఒక పాలు సున్నం ముద్దకి మూడు పాళ్ళ ఇసుక, లేదా రెండు పాళ్ళ ఇసుక, ఒక పాలు మెత్తటి ఇటుక పొడి. ఇటుక పొడి కలిపిన మాలు తడిలో కూడా గట్టిపడుతుంది, బయటి గోడకి అదే నయం. బెల్లం, కరక్కాయ నీళ్ళు కలపడం పెద్దల పద్ధతి, చేయగలిగితే చేయండి, లేకపోయినా గోడ నిలుస్తుంది.

ఒక్కో పొర 8 నుంచి 10 మిల్లీమీటర్లు, అంతకు మించి వద్దు. పొరకీ పొరకీ మధ్య రోజులు పడుతుంది, గోటితో నొక్కితే గుర్తు పడనంత గట్టిపడాలి. మధ్యలో సన్న బీటలు వస్తాయి, కంగారు లేదు, కొంచెం తడిపి చెక్కతో మళ్ళీ అదిమితే మూసుకుంటాయి. సిమెంటులా కాకుండా సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకే నీళ్ళతో ముంచేయకూడదు, ఎండకి వదిలేయకూడదు, తడి గోనె నీడలో వారం పదిరోజులు. పైన రంగు కూడా సున్నమే, పల్చగా నాలుగైదు పూతలు. మేడ మీద వేసిన రంగే కింద కూడా వేయాలని ఇంట్లోవాళ్ళు అంటారు, తేడా కనిపిస్తుందని. కనిపించనివ్వండి.

కిటికీ చుట్టూ

ఇక అసలు ఘట్టం. ముందు చెక్క బతికుందో లేదో చూడండి. స్క్రూడ్రైవర్‌తో అడుగు కమ్మీ చివర్లలో పొడవండి, నీళ్ళు ఆగేది అక్కడే. సులువుగా దిగిపోతే పుచ్చింది, ఆ ముక్క కోసి కొత్త చెక్క అతికించాలి. మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు, ముందు ఆ మందు పని. పుచ్చిన చెక్క చుట్టూ ఎంత ఖరీదైన సీలెంట్ పెట్టినా దండగే.

తర్వాత కిటికీ గట్టు. దాని మీద రసమట్టం పెట్టి చూడండి. పాత ఇళ్ళలో పూతల మీద పూతలు పడి గట్టు వాటం లోపలికి తిరిగి ఉంటుంది, మాకు అలాగే ఉంది, నీళ్ళు బయటికి పోవాల్సింది పోయి చెక్క కిందకి పారుతున్నాయి. గట్టుని కొట్టేసి, కడప బండో గ్రానైటో బయటికి వాటం ఉండేలా, గోడ దాటి అంగుళంన్నర, రెండు అంగుళాలు బయటికి వచ్చేలా వేయించండి. బండ అడుగున అంచుకి అంగుళం లోపల పొడుగునా వేలి వెడల్పు గాడి కోయించాలి. గాడి లేకపోతే నీటిబొట్టు బండ అడుగున అంటుకుని గోడ దాకా పాకుతుంది, గాడి దగ్గర తెగి కింద పడుతుంది. సన్‌షేడ్ అడుగున కూడా ఇదే గాడి ఉండాలి. పాతవాటిలో ఉంటుంది కానీ పూతలతో పూడిపోయి ఉంటుంది, ఉలితో విప్పండి.

సన్‌షేడ్ పైన: మొక్కని వేరుతో సహా తీయాలి, పైన తుంచితే రెట్టింపు బలంతో వస్తుంది. గోడని కలిసే మూలలో రెండు అంగుళాల మేర కొట్టి, పాలిమర్ మాలుతో ఏటవాలు మూల కట్టించి, పైన వాటర్‌ప్రూఫ్ పూత గోడ మీదకి ఆరంగుళాలు ఎక్కించి వేయించండి. ఆకులు పేరుకోకుండా ఏడాదికోసారి ఊడ్వాలి.

ఇప్పుడు సందు. చెక్కకీ ప్లాస్టరింగ్‌కీ మధ్య పాత సిమెంటు, పుట్టీ, ఎవరో నొక్కిన ఎం-సీల్, అన్నీ గీకేసి 10 మిల్లీమీటర్ల వెడల్పు సమానంగా చేయండి. మరీ సన్నటి సందులో సీలెంట్ సాగడానికి చోటు ఉండదు. దుమ్ము బ్రష్‌తో దులిపి, పూర్తిగా ఆరనివ్వండి. లోతుగా డొల్ల ఉంటే పీయూ (పాలీయురేథేన్) ఫోమ్, అంటే ఉబ్బి గట్టిపడే నురగ, కొట్టొచ్చు, కానీ అది పూడ్చడానికే, నీళ్ళని ఆపడానికి కాదు, ఎండ తగిలితే పొడై రాలిపోతుంది కూడా.

దాని ముందు బ్యాకర్ రాడ్. ఫోమ్ తాడు లాంటిది, సందు కన్నా పాతిక శాతం లావు తీసుకోవాలి, అంటే 10 మిల్లీమీటర్ల సందుకి 12 లేదా 13. వేలితో నొక్కుతూ ఆరు మిల్లీమీటర్ల లోతులో ఆపండి. చవకైన ఈ తాడు ఎందుకంటే, సీలెంట్ రెండు పక్కలకే అంటుకోవాలి, వెనక అంటుకోకూడదు. మూడు వైపులా అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. లోతు వెడల్పులో సగానికి కాస్త అటూఇటూ ఉంటే చాలు, ఆరు మిల్లీమీటర్లకి తగ్గకూడదు.

ఏ సీలెంట్? వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, అది సిమెంటు మీద సరిగ్గా పట్టదు, ఇనుముని తింటుంది. న్యూట్రల్ సిలికాన్ ఎండకి బాగా ఆగుతుంది, కానీ దాని మీద రంగు నిలవదు. పీయూ సీలెంట్ మీద రంగు వేసుకోవచ్చు, సాగుతుంది, చెక్కకి, సిమెంటుకి రెండింటికీ పడుతుంది. చెక్క కిటికీలకి నేను పీయూ వాడాను. అల్యూమినియం, యూపీవీసీ కిటికీలకి న్యూట్రల్ సిలికాన్ బాగుంటుంది. చౌకగా దొరికే అక్రిలిక్ లోపలి వైపు గీతలకి సరే. ప్లాస్టరింగ్ పొడి రాలేలా ఉంటే సీలెంట్ కంపెనీ చెప్పిన ప్రైమర్ ముందు పూయాలి, లేకపోతే సీలెంట్ ఆ పొడికి అంటుకుని పొడితో పాటే వచ్చేస్తుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే తడపడం ఆపి బాగా ఆరాకే ఈ పని.

రెండు వైపులా మాస్కింగ్ టేపు వేయండి. ట్యూబు మూతిని సందు వెడల్పుకి ఏటవాలుగా కోసి, గన్‌ని ఒకే వేగంతో, మధ్యలో ఆపకుండా లాగండి. వెంటనే సబ్బునీళ్ళలో ముంచిన చెంచా వెనకభాగంతో ఒకసారి నొక్కి లోపలికి అదిమి, పైన పొర కట్టకముందే టేపు లాగేయండి. మొదటి కిటికీ వికారంగా వస్తుంది, అందుకే వీధి వైపు కిటికీతో మొదలుపెట్టకండి. నాలుగడుగుల చదరం కిటికీ చుట్టుకొలత పదహారు అడుగులు, ఈ లెక్కన 300 మిల్లీలీటర్ల ట్యూబు ఒక్కటి సరిగ్గా సరిపోతుంది. ఎండ నేరుగా పడని వేళ చేయండి, మర్నాటి దాకా వాన పడకూడదు.

పై అంచు, రెండు పక్కలు పూర్తిగా మూయండి. అడుగు మాత్రం మొత్తం మూసేయకండి. ఎంత చేసినా ఎప్పుడో కొంచెం నీరు చెక్క వెనకకి వెళుతుంది, దానికి బయటికి దారి కావాలి. గట్టు దగ్గర రెండు చోట్ల అంగుళం చొప్పున వదిలేశాను. జారే కిటికీల కింది ట్రాక్‌లో చిన్న రంధ్రాలుంటాయి, అవి కంపెనీవాళ్ళు మర్చిపోయిన కన్నాలు కావు, నీళ్ళు పోవడానికే. మా పక్కింటివాళ్ళు వాటిని కూడా చక్కగా సిలికాన్‌తో మూసేసి, ట్రాక్ నిండి హాల్లోకి పొంగితే కిటికీనే తిట్టుకున్నారు.

మేస్త్రితో చేయించేటప్పుడు

చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటే గుల్లని పూర్తిగా కొట్టరు, పైపైన రుద్దేస్తారు. చిన్న మరమ్మతులకి రోజు కూలీ మంచిది. కొట్టడం ఒక రోజు, తడిపి పూయడం ఇంకో రోజు అని ముందే చెప్పండి, ఒక్కరోజులో అయిపోతుందంటే వద్దనండి. "మేస్త్రిగారూ, కొట్టాక నేను చూసి చెప్పాకే మాలు కలపండి" అని ఒక్క మాట అంటే చాలు, మర్యాదగానే అనండి. సీలెంట్ పని తాపీ మేస్త్రికి అప్పజెప్పకండి, చాలామంది దాన్ని కూడా వేలితో పుట్టీలా రుద్దేస్తారు. అద్దాలు బిగించేవాళ్ళకి గన్ పట్టుకోవడం వచ్చు.

అన్నీ అయ్యాక మళ్ళీ పైపు పరీక్ష చేయండి, అదే క్రమంలో, కింద నుంచి పైకి. మేం చేస్తే తూర్పు కిటికీ చుక్క లేకుండా పొడిగా ఉంది, కానీ పక్క గదిలో ఏసీ కింద సన్నగా తడి కనిపించింది. ఏసీ రాగి గొట్టాల కోసం గోడకి వేసిన కన్నం లోపలికి వాటంగా ఉంది, అంతే. గన్‌లో మిగిలిన సీలెంట్ దానికి సరిపోయింది.